వెన్న ఎవరిది?

స్టాండ్ మిక్సర్ గిన్నెలో లీటరు క్రీమ్ పోసి మీట నొక్కితే పది పదిహేను నిమిషాల్లో వెన్న తేలుతుంది. తెల్లవారుజామున లేచి కవ్వం తాడు లాగిన చేతులకి ఇది చిన్న విషయం కాదు. ఆ చేతుల నొప్పిని మర్చిపోయి కవ్వాన్ని కీర్తించే వాళ్లతో నాకు పేచీ ఉంది. యంత్రం వచ్చేసింది, ఇంకేం, ఆడవాళ్లకి విముక్తి దొరికిందనే వాళ్లతోనూ అంతే పేచీ ఉంది. పని తేలికైతే ఆ పని చేసే మనిషికి స్వేచ్ఛ వచ్చినట్టేనా?

వెన్న ఎలా వస్తుందో ముందు చూద్దాం. పాలలో కొవ్వు చిన్న చిన్న బిందువులుగా ఉంటుంది. ఒక్కో బిందువునీ ఒక పల్చటి పొర కప్పి ఉంచుతుంది. చిలికినప్పుడు ఆ పొరలు చిరిగి, కొవ్వు ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడుతుంది. మిక్సర్లో క్రీమ్ ముందు గాలి నింపుకుని నురగలా పొంగుతుంది. తర్వాత బిగుస్తుంది. ఉన్నట్టుండి విరిగి, రవ్వలాంటి వెన్నగా, పల్చటి మజ్జిగగా విడిపోతుంది. 35 శాతం కొవ్వున్న లీటరు క్రీమ్ నుంచి దాదాపు 400 గ్రాముల వెన్న వస్తుంది. మన ఇళ్లలో రోజూ తీసిన మీగడని తోడేసి చిలుకుతాం కాబట్టి ఆ వెన్నకి పులుపు వాసన ఉంటుంది. తోడెయ్యని క్రీమ్‌కి అది ఉండదు. కవ్వంలోనైనా మిక్సర్లోనైనా జరిగేది మాత్రం ఒకటే.

యంత్రం తిప్పుతుంది. ఎప్పుడు ఆపాలో, చలికాలంలో వెన్న పడకపోతే ఎన్ని గోరువెచ్చని నీళ్లు చిలకరించాలో, ఎండాకాలంలో జారిపోతుంటే ఎంత చల్లబరచాలో దానికి తెలీదు. వెన్నని చన్నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, లోపల మిగిలిన మజ్జిగని పిండెయ్యకపోతే తొందరగా పాడవుతుంది. ఇదంతా చేతికి వచ్చిన విద్య. దీన్ని విద్య అని ఎవరూ అనలేదు. చేతివాటం అన్నారు, పొందిక అన్నారు.

ఇంకొక పని ఉంది. అది ఏ యంత్రానికీ అప్పజెప్పలేనిది. పాలు కాచి చల్లార్చడం, మీగడ తీసి ఫ్రిజ్‌లో పెట్టడం, ఎన్ని రోజులదో లెక్క పెట్టుకోవడం, రేపు పండక్కి నెయ్యి సరిపోతుందా అని ఈ రాత్రే ఆలోచించడం. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు కూడా నడిచే పని ఇది. అమెరికన్ చరిత్రకారిణి రూత్ శ్వార్ట్జ్ కోవన్ 1983లో వచ్చిన తన పుస్తకం 'మోర్ వర్క్ ఫర్ మదర్'లో ఈ సంగతే ఇంకోవైపు నుంచి చూపించింది. ఇంటి యంత్రాలు చాలాసార్లు మగవాళ్లూ పిల్లలూ పనివాళ్లూ చేసే భాగాన్ని తీసేశాయి, గృహిణి భాగం అలాగే మిగిలిందని ఆమె వాదన. మన దేశంలో 2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఇంటిపని ముట్టుకున్న పురుషులే నలుగురిలో ఒకరు. 2024 సర్వేకి ఆ నిమిషాలు 289, 88 అయ్యాయి. మిక్సీలూ, గ్రైండర్లూ, వాషింగ్ మెషీన్లూ ఇన్ని వచ్చాక మిగిలిన లెక్క ఇది.

యశోద చల్ల చిలుకుతూ ఉంటే కృష్ణుడొచ్చి వెన్న తిన్న కథ మనందరికీ ముద్దు. దొంగ మీద ఎన్ని పాటలున్నాయో లెక్కలేదు. పోయిన వెన్న ఎవరి కష్టమో, ఆ పూట గోపిక అమ్ముకోవాల్సింది ఎంతో అడిగిన పాట నాకు తారసపడలేదు. "అమ్మ చేతి వెన్న" అనే పొగడ్త కూడా ఈ కోవలోదే. కూలి ఇవ్వనవసరం లేని చోట పొగడ్త ఇస్తారు.

మా అమ్మమ్మ నెయ్యి అమ్మేది. గిద్దెలు, సోలలు కొలిచి పోసి, ఎవరెంత బాకీయో వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేది. చదువు రాని మనిషి, కానీ లెక్క తప్పేది కాదు. తర్వాత ఊళ్లోకి పాల కేంద్రం వచ్చింది. పాలు పొద్దునా సాయంత్రం అటే పోయేవి. చిలికే చాకిరీ తప్పింది. పాల పుస్తకం మాత్రం తాతయ్య పేరున ఉండేది, బిల్లు ఆయన చేతికి వచ్చేది. గడ్డి కోసేదీ, కుడితి పెట్టేదీ, పాలు పితికేదీ అమ్మమ్మే. గోడ మీద గీతలు ఆగిపోయాయి. శ్రమ తగ్గిన రోజే ఆమె సొంత డబ్బు కూడా పోయింది.

ఇది మా ఇంటి కథే కాదు. ఇంగ్లీషులో 'డెయిరీ' అనే మాట పాలపని చేసే దాసిని పిలిచే ఒక పాత పదంలోంచి పుట్టింది. వెన్న ఫ్యాక్టరీకి వెళ్లాక ఆ మాటలో ఆడమనిషి ఉందన్న సంగతే జనం మర్చిపోయారు. దీనికి ఎదురు నడిచిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2002లో, అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో, స్త్రీలే సభ్యులుగా, స్త్రీలే పాలకవర్గంగా సహకార డెయిరీ మొదలైంది. 'స్వకృషి' అని పేరు పెట్టుకున్నారు. దానివల్ల వాళ్లకి గడ్డి మోసే పని తప్పలేదు, పాలు పితికే పని తప్పలేదు. కానీ పుస్తకంలో పేరు వాళ్లది, ఓటు వాళ్లది. మిక్సర్ వచ్చిన ఇంట్లో పని తగ్గి హోదా అలాగే ఉంది. ముల్కనూరులో పని అలాగే ఉండి హోదా మారింది. ఈ రెంటిలో దేన్ని విముక్తికి దగ్గరగా అనుకోవాలి? నాకైతే రెండోదే.

అలాగని శ్రమ తగ్గడం విలువలేనిదని కాదు. నడుం నొప్పిలో ఏ గొప్పతనమూ లేదు. పైగా ఇప్పుడు చాలామంది సరదాకి ఇంట్లో వెన్న తీస్తున్నారు. అంట్లు, కాగితాలు, పాఠాలు, మీటింగుల మధ్య కళ్లముందే ఒక పదార్థం ఇంకోటిగా మారడం నిజంగా ఆనందమే. అది స్వేచ్ఛేనా అని తేల్చుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటుంది. ఈ వారం మానేస్తే నేనెవరికైనా జవాబు చెప్పుకోవాలా? అక్కర్లేదు అంటే అది నా ఇష్టం. చెప్పుకోవాలంటే మిక్సర్ ఎంత ఖరీదైనదైనా అది చాకిరీయే.

ఈ పరీక్షలో మనం నెగ్గాక కూడా ఇంకో ప్రశ్న మిగులుతుంది. చదువుకున్న మనలాంటి వాళ్లం దీన్ని తప్పించుకోకూడదు. వెన్న తీసిన గిన్నె జిడ్డు ఒక పట్టాన వదలదు. వేడినీళ్లు పోసి, సబ్బుతో తోమాలి. మన సరదా అయిపోయాక ఆ గిన్నె సింకులో పడేస్తే, మర్నాడు దాన్ని కడిగే ఆవిడకి "ఈ వారం మానేస్తాను" అనే వీలుందా? ఆమె జీతం మాట్లాడుకున్న రోజు ఈ గిన్నె లెక్కలో ఉందా? ఆమె పనిని కూడా ఆ లెక్కలో రాయనంతకాలం, మన ఇంట్లో వెన్న తీసింది మనమొక్కళ్లమేనని చెప్పుకోకూడదు.