జటిలము

ఒక మాట పుట్టుక తెలిసినంత మాత్రమున అది చెప్పెడు వస్తువు కూడ తెలిసిపోయెనని యెంచుట పండితులకు చిరకాలముగా నున్న అలవాటు. మే మా యలవాటును సమర్థింపబోము. ఐనను కొన్ని మాటల పుట్టుక చదువరిని ఊరకుండనీయదు. ఇంగ్లీషువారి 'కాంప్లెక్సు' అట్టి మాట.

జమ్మికుంటలో ఈ మాట నెఱుగనివారు లేరు. ప్రత్తి పండించు రైతు ఎరువుల దుకాణమునకు పోయి కాంప్లెక్సు రెండు బస్తాలు కావలెననును. వరుసగా దుకాణములు కట్టిన మేడయు కాంప్లెక్సే. కొఠారీ విద్యాసంఘము (1964-66) చేసిన సూచన ఫలముగా మా ఉపాధ్యాయులకు స్కూలు కాంప్లెక్సు లేర్పడినవి. విశాఖపట్టణము, విజయనగరము వైపువారు బస్సులు నిలుచు చోటునే కాంప్లెక్సందురు. ఇన్ని తావులలో ఎవరికిని ఏ సందేహమును లేదు. 'ఈ సమస్య కాంప్లెక్సు' అని ఎవరైన ననినప్పుడు మాత్రము అందఱును తల లూపుదురు, అర్థమేమని అడుగువాడు కనబడడు.

లాటిను భాషలో 'ప్లెక్టెరె' అనగా అల్లుట, జడవేయుట. 'కాంప్లెక్సు' అనగా కలిపి అల్లినది. దానికి తోడబుట్టినట్లు కనబడు 'కాంప్లికేటెడ్' అను మాట 'ప్లికారె' నుండి వచ్చినది. ఆ ధాతువునకు మడచుట యని అర్థము. కావున అది కలిపి మడచినది. 'పెర్ప్లెక్సు' అనగా ఈ కొననుండి ఆ కొనవఱకు పెనవేసికొనిపోయినది. 'ఇంట్రికేట్' అను దానిలోని 'ట్రికే' అను లాటిను పదమునకు పనికిమాలిన చిల్లర విషయములనియు, చిక్కులనియు అర్థము. వ్యాజ్యములలో తిరిగిన వారెవ్వరును ఆ రెండర్థముల కలయికను చూచి ఆశ్చర్యపడరు.

మన భాషలు తక్కువ తినలేదు. జటిలమనగా జడలు గట్టినది. గహనమనగా చొరరాని అడవి. గ్రంథ శబ్దములో ముడియున్నది. తెలుగువాని చిక్కు నూలులోను, తల వెండ్రుకలలోను పుట్టినది. నైజాము కచేరీలలో 1948 వఱకు వాడుకలోనున్న ఉర్దూ 'పేచీదా' అను మాటకు మూలము 'పేచ్', అనగా మెలి. ఆ మెలియే మన పల్లెలలో 'పేచీ'యై జగడమను అర్థమును సంపాదించుకొన్నది. వీనిలో ఒక్క క్లిష్టము మాత్రము వేఱు జాతికి చెందినది. క్లిశ ధాతువునకు బాధపడుట యని యర్థము. తక్కిన మాటలు వస్తువు ఎట్లున్నదో చెప్పుచుండగా, ఇది దానితో పెనగులాడువాని గతి యేమో చెప్పుచున్నది. మా విద్యార్థులు పరీక్షాపత్రమును క్లిష్టమందురే గాని జటిలమనరు. వారికి ధాతుపాఠము రాకున్నను మాట సరియైనదే వాడుచున్నారు.

దీనికి ఎదురు మాట 'సింపుల్'. అనగా ఒకే మడత గలది. రెండు మడతలు గల 'డ్యూప్లిసిటీ' కపటమైనది. మనకును సరళుడు తిన్ననివాడు, కుటిలుడు వంకరవాడు. ఇంతవఱకు నీతి బాగుగనే యున్నది. కాని ఇంగ్లీషున సింపుల్ అను మాట క్రమముగా తెలివితక్కువవానికి పేరైనది. మనలోను మాయలేనివాడని చెప్పవలసిన 'అమాయకుడు' అను మాట సులువుగా మోసపోవువానికి పేరైనది. ఒకరి నొకరు ఎఱుగని రెండు సమాజములు నిష్కపటుని ఒకే తీరుగా శిక్షించినవి. మాట మాఱుటకు ముందు మనుష్యులు మాఱియుందురు.

అల్లినదానికిని మడచినదానికిని గల భేదము తేలికగా త్రోసివేయదగినది కాదు. మడత విప్పిన బట్ట బట్టగనే యుండును. నేత విప్పినచో నూలు మిగులును, బట్ట మిగులదు. రైతు కొను 17-17-17 ఎరువును చూడుడు. నత్రజని, భాస్వరము, పొటాషు అను మూడు పోషకములును ప్రతి గుళికలోను ఉండును. మూడు వేర్వేఱు ఎరువులు తెచ్చి గంపలో కలిపినచో అది మిశ్రమమగునే గాని ఈ యర్థమున కాంప్లెక్సు కాదు. మనుష్యుల వ్యవహారములలో గొన్ని ఆ గుళికవంటివి. తల్లిదండ్రుల బాధ్యత, కులము, పొలము, పెండ్లి, అప్పు, ఇవి యన్నియు ఒకే ఇంటి ప్రతి దినములోను కలిసియుండును. వానిలో నొకదానిని వేఱుగా తీసి న్యాయము చెప్పువాడు తఱచుగా తప్పు చెప్పును.

మఱికొన్ని వట్టి మడతలు. ప్రత్తి అమ్మబోయినవాడు ధర ఏల తగ్గెనని యడిగినప్పుడు, 'అదంతా పెద్ద లెక్క, నీకు తెలియదులే' యను సమాధానము వినబడును. ఆ లెక్క యెంత పెద్దది? మద్దతు ధరకు కొను భారత ప్రత్తి సంస్థవారి నియమము ప్రకారము తేమ నూటికి 8 వఱకు పూర్తి ధర, ఆ పైన 12 వఱకు కోత, 12 దాటినచో కొనుగోలు లేదు. నాలుగవ తరగతి బాలుడు దీనిని గ్రహింపగలడు. విప్పి చూపుటకు ఇష్టము లేనివాడు మడతను నేత యని చెప్పును. అందుచే ఎవరైనను ఒక విషయము జటిలమనినపుడు, ఆ జటిలత్వమువలన ఎవరికి లాభమని అడుగుట మర్యాదకు భంగము కాదు.

ఈ ప్రశ్న మా ప్రాంతమునకు క్రొత్త గాదు. తెలంగాణమున భగేలా యను పద్ధతి యుండెడిది. కూలివాడు దొరవద్ద అప్పు గొని, అది తీఱువఱకు ఆ యింటనే పని చేయవలెను. పుస్తకము దొరది, వ్రాత దొరది. చదువురాని జీతగానికి తన శ్రమలో ఎంత వడ్డీకి పోయెనో, ఎంత అసలునకు చెందెనో తెలియు దారి లేదు. తండ్రి బాకీ కొడుకునకు సంక్రమించెడిది. హైదరాబాదు ప్రభుత్వము 1936లో భగేలా ఒడంబడికలను గూర్చి ఒక శాసనము చేసినది. అనగా ఒడంబడికను ఉండనిచ్చి దానికి నియమములు పెట్టినది. పద్ధతి దానితో నశింపలేదు.

1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వేఱు త్రోవ పట్టినది. ఎవ డెవనికి ఎంత బాకీ యని అది లెక్కకు కూర్చుండలేదు. వెట్టికి కట్టుబఱచిన ప్రతి బాకీయు రద్దైనదని ప్రకటించినది. గోర్డియను ముడిని విప్పక కత్తితో తెగగొట్టిన అలెగ్జాండరు కథ చదువరు లెఱిగినదే. ఆ కథలో మాకు వీరత్వముకంటె అసహనమే యెక్కువగా కనబడును. ఈ చట్టమున మాత్రము కత్తి వాడుట న్యాయమని మా యభిప్రాయము. ఏలన నిచట ముడివేసినవాడే లెక్క చెప్పవలసినవాడు. వాని పుస్తకము ముందుంచుకొని విప్పుచు గూర్చున్నచో మఱి రెండు తరములు గడచియుండును.

ఐనను మడత పోయినచోట నేత బయటపడినది. విడుదలైనవానికి మఱునాటి గంజి ఎవరు పోయుదురు? గుడిసె యున్న నేల ఎవరిది? కూతు పెండ్లికి చేబదులు ఏ యింటినుండి వచ్చును? బాకీ తెగినను ఈ దారములు తెగలేదు. చట్టము చేసినవారును దీని నెఱుగుదురు. విముక్తులైనవారి జీవనమునకు ఏర్పాటులు చేయుట, వారికి అప్పు దొరకునట్లు చూచుట మున్నగు పనులకై జిల్లాలోను, దానిలోని ప్రతి భాగములోను నిఘాసంఘములు నెలకొల్పవలెనని అదే చట్టమున వ్రాసిరి. బాకీ రద్దు చేయుటకు ఒక్క వాక్యము చాలినది. ఈ రెండవ పనికి ఊరూర తిరిగి, ఇల్లిల్లు అడిగి, వాని పొలము, వాని పిల్లల బడి, వాని కూలి అన్నియు చూడవలసియుండెను.