తలుపూ తాళంచెవీ

పరదేశపు వర్తకుణ్ణి దేశంలోకి రానివ్వడం మంచిదా, గుమ్మం దగ్గరే ఆపివేయడం మంచిదా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా జపాన్ షోగన్లను మెచ్చుకునేవారు కొందరుంటారు. షోగన్లు తలుపు మూశారు గనుక జపాన్ నిలిచిందట. మన పాలకులు తెరిచారు గనుక మనం బానిసలమయ్యామట. వినడానికి ఇంపుగానే ఉంది. కాని చరిత్ర ఇంత సులువుగా తేలేది కాదు.

1603లో అధికారానికి వచ్చిన టొకుగావా షోగన్లు మొదట్లో విదేశీ వ్యాపారాన్ని ప్రోత్సహించినవారే. తర్వాత 1635లో జపనీయులు దేశం దాటరాదని శాసించారు. 1639లో పోర్చుగీసువారిని వెళ్లగొట్టారు. 1641లో డచ్చి వర్తకులను నాగసాకి రేవులోని దెషిమా అనే చిన్న దీవికి తరలించి కాపలా పెట్టారు. ఎందుకు? క్రైస్తవం వ్యాపిస్తుందన్న భయం ఒకటి. పడమటి సామంతులు వర్తకంతో బలిసి తిరగబడతారన్న భయం ఇంకొకటి. 1637లో షిమాబారా రైతులు పన్నుల బరువు మోయలేక, మతహింస సహించలేక తిరుగుబాటు చేస్తే నెత్తురుటేళ్లు పారించి అణచివేశారు. అంటే షోగన్ కాపాడుకున్నది ముందుగా తన గద్దెను. ఇంతా చేసి ఆ తలుపైనా నిలిచిందా? 1853లో అమెరికా యుద్ధనౌకలు వచ్చాయి; 1858 ఒప్పందాలతో సుంకాల రేట్లు నిర్ణయించుకునే హక్కు సైతం జపాన్ చేయి జారిపోయింది.

పోతే, తలుపు తెరవడమే తప్పా? మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని సరకంతా పూర్వపు రాజులు లాక్కునేవారు. తాను మాత్రం నియమిత సుంకం తప్ప మరేమీ పుచ్చుకోనన్నాడు గణపతిదేవుడు. పరాయివాడికి న్యాయం చేశాడు, సుంకాన్ని తన చేతిలోనే ఉంచుకున్నాడు. 1632లో గోల్కొండ సుల్తాను చేసిందో? ఏడాదికి 500 వరహాలు తీసుకుని తన రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకొమ్మని ఇంగ్లీషు కంపెనీకి ఫర్మానా ఇచ్చాడు. ఇద్దరూ తలుపు తెరిచినవారే. మొదటివాడు వర్తకుణ్ణి చట్టం కిందికి తెచ్చాడు; రెండవవాడు చట్టాన్నే గుత్తకిచ్చాడు. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులు, వాటితో మా విశాఖ తీరమూ, కంపెనీకి దత్తమయ్యాయి. ఈ నేలమీద బతికే రైతునూ నేతగాణ్ణీ అడిగినవాడు లేడు.

ఈ పాత సంగతి నాకెందుకంటే, మాది రాంబిల్లి. రాంబిల్లి, అచ్యుతాపురం మండలాల్లో ఈనాడు ప్రత్యేక ఆర్థిక మండలి ఉంది. 2005 నాటి చట్టం ప్రకారం, వ్యాపార కార్యకలాపాల మేరకు, అలాంటి మండలి దేశపు కస్టమ్స్ సరిహద్దుకు వెలుపలి ప్రాంతమని భావించాలి. మన్ను మనదే, లెక్కకు మాత్రం పరాయిది! నాకు వెంటనే దెషిమా గుర్తుకు వచ్చింది. అయితే అక్కడి కంచె వర్తకుణ్ణి లోపల నిలిపింది. ఇక్కడి కంచె, ఒకప్పుడు ఆ నేల దున్నినవాణ్ణి గేటు దగ్గర నిలిపి, పాస్ ఏదని అడుగుతుంది.

కర్మాగారాలు వద్దని నేననను. బట్టలు కుట్టే పనికి బస్సుల్లో వెళ్లే మా ఆడపిల్లల జీతం వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నది. దాన్ని తేలిగ్గా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కార్మిక చట్టాలు కంచె దగ్గర ఆగిపోవు, లోపలా వర్తిస్తాయి. కాని వర్తించడం వేరు, కాపాడడం వేరు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. వాళ్లలో ఎవరికీ కస్టమ్స్ సరిహద్దు ఎక్కడుందో తెలియనక్కరలేదు. తమ పక్కనున్న గొట్టంలో ఏముందో, ప్రమాదం వస్తే ఎటు పరుగెత్తాలో తెలియాలి. సరుకుకు దారి చూపినంత శ్రద్ధగా మనిషికి దారి చూపామా అన్నదే అసలు ప్రశ్న.

కనుక తలుపు మూసినవాడు దేశభక్తుడనీ, తెరిచినవాడు ద్రోహి అనీ తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు. షోగనూ, సుల్తానూ ఒక్క విషయంలో ఏకమే: తాళంచెవి ప్రజల చేతికి ఇవ్వలేదు. వారు రాజులు, ఇవ్వలేదని ఆశ్చర్యపడం. ఓటు ఉన్న ఈ కాలంలో కూడా ఇవ్వకపోతే, ఆ తప్పు వర్తకుడిది కాదు, అడగని మనది కూడా.