పెద్దప్రాణం: ఒక నైతిక పరిశీలన

ప్రసవం కష్టమైనప్పుడు ‘పెద్దప్రాణం దక్కితే చాలు’ అనడం తెలుగువారి ఇళ్ళలో వినిపించే మాట. అందులో కరుణ ఉంది. తల్లీబిడ్డల క్షేమాలు పరస్పర విరుద్ధాలన్న భావనా ఉంది. మూత్రపిండంలో ఏర్పడే ఆంజియోమయోలైపోమా విషయంలో ఆ భావన అంత సులువుగా నిలవదు. సాధారణంగా క్యాన్సర్ కాని ఈ కణితి గర్భధారణకాలంలో పెరిగి చిట్లితే తీవ్ర రక్తస్రావం కలగవచ్చు. తల్లి రక్తపోటు పడిపోతే గర్భస్థ శిశువుకూ తగినంత ఆక్సిజన్ అందదు. కనుక ఆమె రక్తస్రావాన్ని ఆపడమే శిశురక్షణ కూడా. ధమనిలోకి సన్నని గొట్టం పంపి, రక్తమోడే నాళాన్ని మూసే ఎంబొలైజేషన్‌తో గర్భాన్ని నిలపడం పలు సందర్భాల్లో సాధ్యమే. ఎక్స్‌రే వికిరణ భయం సహేతుకమే గాని, చికిత్స మానడానికి అది చాలదు.

‘తల్లా, బిడ్డా?’ అన్న ప్రశ్నకంటె, ఆ ప్రశ్న ఎవరిని అడుగుతున్నారన్నదే ఇక్కడ ముఖ్యం. ‘పెద్దప్రాణం’ అని అనేది ఇతరులు, ఆమె కాదు. గర్భవిచ్ఛిత్తే అవసరమైనా, 1971 నాటి వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం వయోజన స్త్రీ సమ్మతినే కోరింది, భర్త సంతకాన్ని కాదు.