ప్రళయానంతర ధర్మము

కారెంపూడిలో నాగులేటి యొడ్డున పండ్రెండవ శతాబ్దమున పల్నాటి వీరులు యుద్ధమున నేలకొరిగిన పిమ్మట, వారి నాయకుడైన బ్రహ్మనాయుడు రాజ్యమును ప్రతిపక్షియైన నలగామరాజునకే విడిచి గుత్తికొండ బిలమును ప్రవేశించెనని ఈ సీమవారు చెప్పుకొందురు. నరసరావుపేటనుండి ఆ బిలమును దర్శింపబోవువారు భక్తితో చేతులు జోడింతురు. నేనును జోడించితిని, కాని సర్వనాశనమున మిగిలినవానికి వైరాగ్యమొకటియే ధర్మమా యను సందేహము నన్ను విడువలేదు.

హిరోషిమా దగ్ధమైన యేడేండ్లకు, 1952లో, అమెరికా రచయిత్రి ఆండ్రే నార్టన్ వెలువరించిన ‘స్టార్ మాన్స్ సన్’ అను సాహసనవలలో ఈ సందేహమునకొక సమాధానము నాకు దొరకినది. క్లీవ్‌లండ్ గ్రంథాలయమున పిల్లల పుస్తకముల నడుమ ఏండ్లు గడపిన యామె, మహాయుద్ధమున నగరములు నశించిన రెండువందల యేండ్ల పిమ్మటి లోకమును చిత్రించినది. ఫోర్స్ అను యువకుని జుట్టు తెల్లనిది. అది పూర్వుల యుద్ధము రక్తమున మిగిల్చిన వికారమేమోనని శంకించి, తండ్రి నడపిన వృత్తిని చేపట్టుటకు వానిని తెగవారు అనర్హుని చేయుదురు. ఎవడు చేసిన కర్మ వాడే అనుభవించునని మన శాస్త్రము. లోకము మాత్రము తాతల పాపమును మనుమని తలవెండ్రుకలలో వెదకును.

అవమానితుడై, లూరా యను పిల్లిని తోడుగొని వెడలిన ఫోర్స్, పాడుపడిన పట్టణమున గోతిలో గాయపడి పడియున్న ఆర్‌స్కేన్ అను నల్లని దక్షిణదేశీయుని చూచును. వాని కులగోత్రము లడుగక, పైకి లాగి ప్రాణము నిలుపును. నగరముల వర్ణనకన్న, ఘోరమృగముల వేటకన్న, నాకీ ఘట్టమే మిన్న. ఏలయన తెగలు తిరిగి యుద్ధమునకు సిద్ధపడినపుడు ఈ మైత్రియే సంధికి మూలమగును.

మన కథలకు మరలినచో, కురుక్షేత్రానంతరము ధర్మరాజు అడవులకు పోదునన్నపుడు కృష్ణుడును వ్యాసుడును తమ్ములును ఆపిరి. బ్రహ్మనాయుని ఆపువారు లేకపోయిరి. మాల కులమున జన్మించిన కన్నమదాసును సేనాపతిని చేసి, అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టినవా డాయన. ఆ చాపనే యుద్ధము పిదప ఇరుపక్షముల అనాథలకును మరల పరచియుండినచో పల్నాటికథకు మరియొక కాండము కలిగెడిది. నాయకుడు చేయక విడిచిన ఆ పనిని జనులే చేపట్టిరని, కారెంపూడిలో కార్తికమున జరుగు వీరుల యుత్సవములందు నేటికిని వడ్డించు చాపకూటిని తలచినపుడు నాకు తోచును.