కృపాచార్యుడు నిలిచిన ద్వారం: మారణకాండల బోధన – ఆత్మపరిశీలన

మారణకాండను పాఠంగా చదివిన విద్యార్థి దాని నుంచి నీతి నేర్చుకుంటాడా? నేర్చుకుంటే ఆ నీతి ఇతరులను గురించినదా, తనను గురించినదా? కారంచేడు, చుండూరు ఘటనల నేపథ్యంలో, తిక్కన సౌప్తికపర్వం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పరిభాషను స్పష్టం చేసుకోవాలి. ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 9న ఆమోదించిన ఒడంబడిక ప్రకారం జాతీయత, నృజాతి, రేస్, మతం అనే నాలుగు ప్రాతిపదికల మీద ఏర్పడిన ఒక సమూహాన్ని పూర్తిగా గాని, పాక్షికంగా గాని నిర్మూలించాలనే ఉద్దేశంతో చేసే చర్యలు జాతిహత్య కిందికి వస్తాయి. అందులో కులం ప్రస్తావన లేదు. కనుక కారంచేడును ఆష్‌విట్జ్‌తో సమానం చేయడం ఈ వ్యాసం పని కాదు. పరిమాణంలోనూ, రాజ్యం వహించిన పాత్రలోనూ వాటి మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. అయితే పుట్టుక కారణంగా ఒక సమూహాన్ని శిక్షార్హంగా భావించే మనస్సు రెండుచోట్లా ఉంది. నైతిక విద్యకు సంబంధించినంతవరకు పరిశీలించవలసింది ఆ మనస్సునే.

నాయుడుపేటలో నేను పదో తరగతి చదివిన సంవత్సరం సాంఘికశాస్త్రంలో రెండు ప్రపంచయుద్ధాల మధ్యకాలపు పాఠం ఉండేది. నాజీ శిబిరాల గురించి విని తరగతి మొత్తం చలించిపోయింది. ఆ కాలంలో పుట్టి ఉంటే యూదులను మా ఇంట్లో దాచి ఉండేదాన్నని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ వారంలోనే తరగతి మిత్రురాలు ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. మా అవ్వ ఆమె ఊరిపేరు, వాడపేరు అడిగి, నాకు స్టీలు గ్లాసులోనూ, ఆమెకు పెరటి గోడమీద విడిగా ఉంచిన గ్లాసులోనూ మజ్జిగ ఇచ్చింది. తాగిన తర్వాత ఆ అమ్మాయే తన గ్లాసు కడిగి గోడమీద పెట్టింది. నేను చూశాను, నాకు అర్థమైంది, ఏమీ అనలేదు. ఆ పాఠానికి పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి.

ఆ చదువు విఫలమైనచోటును గుర్తించడానికి సౌప్తికపర్వం ఉపకరిస్తుంది. దుర్యోధనుడు తొడలు విరిగి పడిన రాత్రి అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ అడవిలో ఒక మర్రిచెట్టు కింద ఆగుతారు. నిద్రిస్తున్న కాకులను ఒక గుడ్లగూబ చంపడం అశ్వత్థామ కంటపడుతుంది. ఆ దృశ్యం నుంచి అతడు ఉపాయాన్ని గ్రహించాడు గాని కరుణను గ్రహించలేదు. సంహారాన్ని చూడడం, దాని వివరాలు తెలుసుకోవడం తమంతట తామే మనిషిని నీతిమంతుణ్ణి చేయవని ఈ ఘట్టం నిరూపిస్తుంది. ఒకే దృశ్యం ఒకరికి హెచ్చరిక, మరొకరికి పద్ధతి కాగలదు.

ఇంతకన్నా కీలకమైన పాత్ర కృపుడు. నిద్రించేవారిని చంపడం అధర్మమని అతనికి తెలుసు. తెలియడమే కాదు, ఆ మాట నోరువిప్పి చెప్పాడు. తెల్లవారాక ధృతరాష్ట్రుణ్ణి, గాంధారిని, విదురుణ్ణి అడిగి వారి మాట ప్రకారం నడుద్దామని మేనల్లుణ్ణి వారించాడు. మేనల్లుడు వినలేదు. అప్పుడు కృపుడు చేసిందేమిటి? అతని వెంట నడిచాడు. శిబిరద్వారం వద్ద కృతవర్మతో కలిసి నిలబడి, ప్రాణభయంతో బయటికి పరుగెత్తినవారిని చంపాడు. ధర్మాన్ని బోధించిన నోరు, ద్వారాన్ని అడ్డుకున్న చేయి ఒకే మనిషివి. కాంట్ చెప్పిన కర్తవ్యసూత్రం ప్రకారమే జీవించానని 1961 నాటి జెరూసలేం విచారణలో ఐక్‌మన్ చెప్పుకున్న విషయాన్ని హానా అరెంట్ నమోదు చేసింది. నీతివాక్యాన్ని ఎరిగి ఉండడానికీ, దానికి కట్టుబడి ఉండడానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఈ రెండు ఉదాహరణలూ చెబుతాయి. మన నీతిబోధ ఎక్కువగా మొదటిదానితోనే తృప్తిపడుతున్నది.

ఆష్‌విట్జ్ పునరావృతం కాకుండా చూడడమే విద్యకు మొదటి కర్తవ్యమని 1966లో అడోర్నో అన్నాడు. హింసకు మూలాలను బాధితులలో కాక హింసించినవారిలో వెతకాలని కూడా అన్నాడు. ఈ సూత్రాన్ని మన నేలకు అన్వయిస్తే తరగతిగది ఇబ్బందిలో పడుతుంది. కారంచేడులో 1985 జులై 16న, మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడగడాన్ని ప్రశ్నించినందుకు వివాదం రేగింది. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదిరించింది. మరునాడు జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ఆ గ్రామంలోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవశిక్ష విధించింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఈ రెండు పేర్లూ పాఠశాలలో నాకు తారసపడలేదు. ఎం.ఏ.లో దళితకవిత్వం చదివేటప్పుడు, 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం ద్వారా వాటి దగ్గరికి వెళ్లాను. జర్మనీ గురించి చదివినప్పుడు నన్ను నేను రక్షకురాలిగా ఊహించుకోగలిగాను. కారంచేడు గురించి చదివినప్పుడు ఆ ఊహ నిలవలేదు. పెరటి గోడమీది గ్లాసు గుర్తుకొచ్చింది.

ఇక్కడ రెండు అభ్యంతరాలకు సమాధానం చెప్పాలి. పెద్దలు చేసిన తప్పును పిల్లల తలకెత్తడం న్యాయమా అనేది మొదటిది. దోషం వేరు, బాధ్యత వేరు. ఆ గ్లాసును విడిగా పెట్టిన దోషం నాది కాదు. దాన్ని చూసి ఊరుకున్న బాధ్యత మాత్రం నాదే. రెండవ అభ్యంతరం మరింత గంభీరమైనది. తరగతిలో అందరూ కృపుని స్థానంలో ఉండరు. ఆ గ్లాసు కడిగిన అమ్మాయి కూడా అదే బల్లమీద కూర్చుంటుంది. ఇతరుల ఆత్మపరిశీలనకు ఆమె బాధను ఉదాహరణ చేస్తే ఆమెకు రెండోసారి అన్యాయం జరుగుతుంది. అందువల్ల కారంచేడు పాఠం శవాల లెక్కతో కాక సువార్త ఎత్తిన బిందెతో మొదలుకావాలి. ఆ ఘటన తర్వాత పుట్టిన దళిత మహాసభతోనూ, కవిత్వంతోనూ కొనసాగాలి. అప్పుడు ఆ అమ్మాయికి దొరికేది జాలి కాదు, చరిత్రలో తన వాళ్ల స్థానం.

భారతకథ కృపుణ్ణి శిబిరద్వారం వద్దనే వదిలిపెట్టలేదు. పాండవులు మహాప్రస్థానానికి బయలుదేరేముందు ధర్మరాజు పరీక్షిత్తును కృపునికి శిష్యునిగా అప్పగిస్తాడు. ఆ పరీక్షిత్తు అశ్వత్థామ అస్త్రానికి గర్భంలోనే గురై బతికినవాడు. ఆ రాత్రి ద్వారం దగ్గర కాపలా నిలిచినవాడే ఆ వంశంలో మిగిలిన బిడ్డకు గురువయ్యాడు. తానెక్కడ నిలబడ్డాడో కృపుడు శిష్యునికి చెప్పాడా? కథ ఆ మాట చెప్పదు. మారణకాండను బోధించే ప్రతి ఉపాధ్యాయుడూ, దానిపై పరిశోధించే నాలాంటి ప్రతి విద్యార్థీ సమాధానం చెప్పుకోవలసిన ప్రశ్న అదే. ఎంతమంది చనిపోయారో చెప్పడం చరిత్రబోధ. ఆ సమయంలో ద్వారం దగ్గర ఎవరున్నారో, ఈనాడు ఆ చోట మనం ఉన్నామేమో అడగడంతో నీతిబోధ మొదలవుతుంది.