లవంగం ఇంటిపేరు

మన తెలుగువాళ్ళకీ, వృక్షశాస్త్రం చదివినవాళ్ళకీ ఒక్క విషయంలో భలే పొత్తు కుదిరింది. ఇద్దరం ఇంటిపేరు ముందు చెప్పి, అసలు పేరు తర్వాత చెప్తాం. మామిడిచెట్టుని వాళ్ళు మాంజిఫెరా ఇండికా అంటారు. అంటే మాంజిఫెరా వారి ఇండికా అన్నమాట. ఆ యింట్లో ఇండికాతోపాటు ఇంకా చాలామంది తోబుట్టువులున్నారు.

నేను చెప్పబోయేది మామిడి సంగతి కాదు, బూజు సంగతి. మొహం చిట్లించకండి. పచ్చడి జాడీలో పట్టే బూజు కాదు, ఏటి నీళ్ళలో పడి నానిపోయిన కర్రల మీద పెరిగే బూజు. మా అన్నయ్య కూతురు దాని మీద పరిశోధన చేస్తోంది. నీళ్ళలోంచి పుల్లలు ఏరుకొచ్చి, తడి కాగితం పరిచిన డబ్బాల్లో పెట్టి, వారానికోసారి మూత తీసి చూస్తుంది. "ఎమ్మెస్సీ దాకా చదివించింది పుల్లలేరుకోడానికా?" అని మా వదిన బాధ వదినది. బి.ఏ.లో చరిత్రా, తెలుగూ చదువుకున్న నాకు మాత్రం ఆ పిల్ల చెప్పే కబుర్లు నవలలకంటే రుచిగా వుంటాయి.

మైక్రోస్కోపులో తను చూపించినవి చెప్తాను. కర్ర మీద ఆవగింజలో పదోవంతు కూడా లేని నల్లచుక్కలుంటాయి. ఒక్కో చుక్కా మూతి సన్నంగా వున్న చిన్న కూజా. అందులో పొడుగాటి సంచులు. ఒక్కో సంచిలో, బఠాణీకాయలో గింజల్లా, మామూలుగా ఎనిమిదేసి బీజాలు. కొన్నిటికి నానబెట్టిన సబ్జాగింజల్లా చుట్టూ జిగురుపొర. కొన్నిటికి కొసల్లో చిన్న వుండ. నీళ్ళు తగలగానే అది దారంలా విడిపోతుంది. ప్రవాహంలో కొట్టుకుపోకుండా మరో కర్రకి అంటుకోవాలి కదా, అందుకూ ఈ ఏర్పాట్లు. ఇంకా చిత్రం, నీళ్ళ అడుగున వుండి కూడా తేలే బీజాలు తయారుచేసే బూజులున్నాయి. దారాన్ని చుట్టలా చుట్టుకుని ఆ చుట్టల మధ్య గాలి బంధిస్తాయి. కర్ర నీటిపైకి తేలి గాలి తగిలినప్పుడే వాటికి కాన్పు.

కర్రని ఇవి తినేస్తాయి. కానీ మొదట పై కాస్తంత మందమే మెత్తబడుతుంది, లోపల గట్టిగానే వుంటుంది. దీనికి 'సాఫ్ట్ రాట్' అని పేరుపెట్టింది సావరీ అనే ఆయన, 1954లో. తర్వాత 1969లో, కూలింగ్ టవర్ల నీళ్ళలో పెట్టిన చెక్కల మీద దొరికిన ఒక బూజుకి ఆయన పేరుమీదే సావరియెల్లా అని ఇంటిపేరు కట్టారు. మన దగ్గర మనుమడికి తాత పేరు పెట్టుకుంటారు. వీళ్ళు బూజుకి పెట్టుకున్నారు!

ఇంగోల్డ్ అనే ఆయన 1942లో, వాగులో కుళ్ళుతున్న ఆకుల మీద పెరిగే బూజుల గురించి రాశాడు. ఆయన చూసిన బీజాల్లో చాలావాటికి నాలుగేసి చేతులున్నాయి. ఎందుకో ఆలోచించండి. ఎటు తిరిగి పడ్డా మూడు చేతులు ఒకేసారి ఆనతాయి. వంటింట్లో ముక్కాలిపీట ఏ గచ్చు మీద వేసినా ఎందుకు వూగదో, ఇదీ అందుకే నిలుస్తుంది. ఇంగోల్డ్ నూట నాలుగేళ్ళు బతికి 2010లో పోయాడు. ఆ యుగం నాటివాళ్ళు అలా బతికారు మరి!

ఇక అసలు కథ. లవంగం ఆకారంలో బీజాలు పుట్టించే నీటిబూజు ఒకటుంది. నిజంగా లవంగమే, కాడా, పైన పొట్టి కొమ్ములూ. 1880లో దానికి హెలిస్కస్ లగ్డునెన్సిస్ అని పేరు పెట్టారు. లగ్డునం అన్నది ఫ్రాన్సులోని లియోన్ పట్నానికి రోమన్ల కాలం నాటి పేరు. పేరులోనే పుట్టిన వూరన్నమాట. దాదాపు ఎనభైయేళ్ళు అది ఆ పేరుతోనే బతికింది. 1959లో వెబ్‌స్టర్ అనే ఆయన నీళ్ళలో నానిన పుల్లల మీద చిన్న ఎర్రటి బుడిపెలు చూశాడు. వాటిలోని బీజాల్ని విడిగా పెంచితే, లవంగాలు పుట్టాయి! రెండూ ఒకటే ప్రాణి. ఒకటి జత కలిసిన దశ, ఒకటి ఒంటరిగానే సంతానాన్ని కనే దశ. ఆయన ఆ ఎర్ర బుడిపెలకి నెక్ట్రియా లగ్డునెన్సిస్ అని పేరు పెట్టాడు. పేరు అదే, ఇంటిపేరే మారింది. ఈ కథ మనకెక్కడో తెలిసినట్టు లేదూ?

బూజులు ఇలా రెండు వేషాలు వేస్తాయని 1860లలోనే ఫ్రాన్సులో తులాన్ సోదరులు, అన్న రాసీ తమ్ముడు బొమ్మలు వేసీ, రుజువు చేశారు. ఎవరు ఎవరి రెండో వేషమో పోల్చుకోవటం కష్టం గనక, రెండు వేషాలకీ రెండు పేర్లుండొచ్చని 1910లో నియమం చేశారు. అంతవరకూ బాగానే వుంది. నా కడుపు మండిన మాట ఇంకోటుంది. జత కలిసిన దశని 'సంపూర్ణ దశ' అన్నారు. రెండోదాన్ని 'అసంపూర్ణ దశ' అన్నారు. జత ఎన్నడూ ఎవరికంటా పడనివాటన్నిటినీ ఒక గాటన కట్టి 'అసంపూర్ణ శిలీంధ్రాలు' అని పాఠ్యపుస్తకాల్లో ఒక అధ్యాయమే పెట్టారు.

ఆ మాట వినగానే నాకు మా పిన్ని గుర్తొచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ముప్పై మూడేళ్ళు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పింది. మా యిళ్ళల్లో ఏ పెళ్ళైనా సామాను జాబితా రాసేదీ, పసుపు కొట్టించేదీ, తాంబూలాలు సర్దేదీ ఆవిడే. తీరా "అయిదుగురు ముత్తయిదువలు రండి" అనగానే నెమ్మదిగా లేచి లోపలికి వెళ్ళిపోతుంది. ఎవరూ పొమ్మనరు. ఆవిడే వెళ్తుంది. వెళ్ళటం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. "పాపం, ఆవిడ జీవితం అలా అసంపూర్తిగా వుండిపోయింది" అని, ఆవిడ కట్టిన ఆకువక్కలు నములుతూ అనేవాళ్ళని నేను చూశాను.

ఇంతకీ అసంపూర్ణం ఎవరు? ఇంగోల్డ్ చూసినలాంటి నీటిబూజుల్లో చాలావాటికి ఆ రెండో దశ ఇప్పటికీ ఎవరికీ కనిపించలేదు. కొన్నిటికి వుండి మనం చూడకపోయి వుండొచ్చు. కొన్నిటికి అసలు లేకపోవచ్చు. అయినా వాగుల్లో రాలిన ఆకులు మెత్తబడుతూనే వున్నాయి, వాటిని పురుగులు తింటూనే వున్నాయి, ఆ పురుగుల్ని చేపలు తింటూనే వున్నాయి. పనిలో ఎక్కడా లోటు లేదు. లోటంతా చూసేవాడి పుస్తకంలో వుంది. తన ఖాతాలో ఖాళీ వుందని చెప్పుకోవలసిన మనిషి, ఆ ఖాళీని తీసుకెళ్ళి ఎదుటి ప్రాణికి పేరుగా తగిలించాడు. అది శాస్త్రమైతే కావచ్చు, న్యాయం మాత్రం కాదు.

ఈ మాటంటే మా మేనకోడలు నవ్వింది. "అది పాతమాట అత్తా, ఇప్పుడెవరూ దాన్ని ఒక వర్గంగా లెక్కపెట్టరు" అంది. డి.ఎన్.ఏ. పరీక్షలొచ్చాక జత కనిపించకపోయినా వంశం తెలిసిపోతోందిట. ఇంకో తమాషా కూడా బయటపడింది. ఆ నాలుగు చేతులవాళ్ళంతా ఒక వంశం కాదుట! ఎక్కడెక్కడి కుటుంబాలవాళ్ళో ఒక ప్రవాహంలో కాపురం చేసి చేసి ఒకే రూపం తెచ్చుకున్నారు. ఉమ్మడి కుటుంబంలో నలుగురు తోడికోడళ్ళు పాతికేళ్ళకి ఒకేలా దగ్గటం, ఒకేలా కొంగు దోపటం చూడలేదూ?

చివరికి 2011లో, మెల్‌బోర్న్‌లో జరిగిన మహాసభలో, ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అని తేల్చారు. అందరికీ నచ్చలేదు. అలవాటైన పేరు వదులుకోవటం ఎవరికి మాత్రం ఇష్టం? పాత పేరుకే పెద్దరికమని నియమం వున్నా, ఎక్కువ వాడుకలో వున్న పేరుని నిపుణులంతా కలిసి నిలబెట్టుకునే వీలు కూడా వుంది. మన లవంగాల బూజు ఇప్పుడు నియోనెక్ట్రియా లగ్డునెన్సిస్. 1880 నాటి ఇంటిపేరు పోయింది, వూరిపేరు మిగిలింది.

ఒకే పేరు మంచిదే, కాదనను. ఒకే ప్రాణి గురించి ఇద్దరు పండితులు రెండు పేర్లతో రాసుకుంటూ పోతే, వీళ్ళకి తెలిసింది వాళ్ళకి తెలియకుండా పోతుంది. కానీ ఏ పేరు వుంచాలన్నప్పుడు నా మనసు తూగటం లేదు. నా నవలల అట్టల మీద వుండేది పుట్టింటి పేరు. బ్యాంకు పుస్తకంలో వున్నది అత్తింటి పేరు. ఓసారి ప్రచురణకర్త పంపిన చెక్కు పట్టుకెళ్తే, అక్కడి గుమాస్తా కళ్ళజోడు పైకెత్తి, "ఈవిడా మీరూ ఒకరేనని రుజువేమిటి?" అన్నాడు. రెండు చేతులూ చూపించాను. నవ్వలేదు.

"హెలిస్కస్ అన్న పేరు కొట్టేశారా మరి?" అని అడిగాను మా పిల్లని.

"కొట్టెయ్యరత్తా. కొత్త పేరు కింద పాత పేర్లన్నీ, ఎవరు ఎప్పుడు పెట్టారో సహా రాసి వుంచుతారు. పాత పుస్తకం పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి దారి తెలియాలిగా!"

అలాంటి ఏర్పాటు మా బ్యాంకులో లేదు.