పోచమ్మ రాయి ఏ సర్వే నంబరులో?

ఇల్లంతకుంట దిక్కున పాత గూనపెంకల ఇల్లు, దాన్ని ఆనుకొని నాలుగెకరాల పొలం అమ్మకానికి ఉన్నాయంటే తెలిసినాయన వెంట చూడబోయాను. కొనేది ఆయన, నేను ఊరికే తోడు. టేకు దర్వాజ, వాకిట్లో చేదబావి, లోపలి అర్రలో ఖాళీ గుమ్మి. బేరం మాత్రం గుంటల మీదే నడిచింది. నలభై గుంటలకు ఎకరం చొప్పున లెక్కెంత, బయానా ఎంత, రిజిస్ట్రేషన్ స్లాటు ఎప్పుడు? ఇంటి పెద్దాయన అన్నిటికీ తలూపి, చివరికి ఒకటే అడిగాడు: "బాయిగడ్డ మీది పోచమ్మ రాయిని కదిలియ్యరు గద, బిడ్డా?"

మావాడు నా దిక్కు చూశాడు. పాసుపుస్తకంలో అటువంటిదేమీ లేదు మరి.

పెద్దాయన మాటకు నాకు భాగవతం గుర్తొచ్చింది. దాని పన్నెండో స్కంధంలో, తనను గెలిచామని పొంగిపోయే రాజులను చూసి భూదేవి నవ్వుతుంది. నాకోసం తండ్రీకొడుకులు, అన్నదమ్ములు కొట్టుకు చస్తారు, ఆఖరికి నన్నిక్కడే వదిలిపోతారు అంటుంది. రాజుల సంగతి సరే, ఈ పెద్దాయనను చూసీ నవ్వుతుందా? నవ్వదనే నా నమ్మకం. ఆయన ఏనాడూ ఆమెను గెలిచానని అనుకోలేదు. కొత్త గింజలు ఆ రాయి ముందు పెట్టాకే ఇంట్లో పొయ్యి వెలిగించినవాడు.

భూమి నాదేనని పట్టుకు కూర్చోనివాళ్లు ఇంకా ఉన్నారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు 80 ఎకరాలు అడిగితే, వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. గాలి, నీళ్లు, ఎండ లాగే భూమీ దేవుడిదే అన్నది వినోబా మాట. దానం గొప్పదే. కానీ బిడ్డ పెళ్లికో, దవాఖాన ఖర్చుకో అమ్ముకోక తప్పనివాడిని తక్కువ చేసి చూసే భక్తి నాకు నచ్చదు.

ఈ ఇల్లంతకుంట మండలంలోనే ఉన్న అనంతగిరి వాళ్లకైతే అమ్మాలా వద్దా అన్న ఆలోచనకే చోటు లేకపోయింది. కాళేశ్వరం నీళ్లు నిలిపే 3.5 టీఎంసీల అన్నపూర్ణ రిజర్వాయరు కింద ఊరికి ఊరే మునిగింది. ఆ నీళ్లు రంగనాయక సాగర్‌కు చేరి ఇంకెవరి పొలాలనో తడుపుతాయి. పుణ్యమో, పాపమో తేల్చడం నాకు చేతకాదు. ఈ పెద్దాయనకు అడగడానికి ఎదురుగా ఒక మనిషైనా ఉన్నాడు.

బేరం ఇంకా తెగలేదు. పొలాలు అమ్మేవారికి ఒక మాట: హద్దురాళ్లు చూపించే రోజునే పోచమ్మ రాయినీ చూపించండి, బోనం ఏ నెలలో తీస్తారో చెప్పండి. కొనేవారు తాళంచెవి అందుకునే ముందే ఆ సంగతి అడగండి.